డెబియన్ ల్యాబ్ కంప్యూటర్లలో సుడో ఒప్పుకోవడం లేదు, అడ్మిన్ అధికారం ఎలా తెచ్చుకోవాలి?

ల్యాబ్_మాస్టారు
ఈ విద్యాసంవత్సరం నుంచి మా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాకు అప్పగించారు. యంత్రాలన్నింటిలోనూ డెబియన్ 12 (లైనక్స్) ఉంది. ఇంతకుముందు ల్యాబ్ చూసుకున్నవారు బదిలీ మీద వెళ్లిపోయారు. ఆయన ఇచ్చి వెళ్లిన రిజిస్టరులో 'ల్యాబ్' అనే యూజర్ పాస్‌వర్డు, దాని కిందే రూట్ (పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డు రాసి ఉన్నాయి. ప్రాక్టికల్స్ కోసం కొన్ని ప్యాకేజీలు ఎక్కించాలని ల్యాబ్ యూజర్‌గా లాగిన్ అయి సుడోతో (రూట్ అధికారంతో కమాండు నడిపేది) ఆప్ట్ (ప్యాకేజీలు ఎక్కించేది) నడిపితే, పాస్‌వర్డు అడిగి తీసుకున్న తరువాత, ఈ యూజర్ సుడోయర్స్ ఫైలులో (సుడో అనుమతులు రాసి ఉండేది) లేడని చెప్పి ఆగిపోతోంది. అదే చోట రూట్ పాస్‌వర్డు ఇచ్చి చూస్తే అది తప్పు పాస్‌వర్డు అంటోంది. అన్నింటినీ చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయించడమే సులువని ఆఫీసులో అంటున్నారు కానీ, వాటిలో విద్యార్థుల ప్రాజెక్టు ఫైళ్లు ఉన్నాయి. వాటిని కదపకుండా అడ్మిన్ అధికారం తెచ్చుకునే దారి ఉంటే చెప్పగలరు.

పెంగ్విన్_పల్లె
మళ్లీ ఇన్‌స్టాల్ చేయించకండి, ఆ అవసరం రాదు. ముందు రెండు సంగతులు చెప్పండి. ల్యాబ్ యూజర్‌గా ఉండి ఐడీ అనే కమాండు ఇస్తే ఏయే గ్రూపుల పేర్లు వస్తున్నాయి? అన్ని యంత్రాల్లోనూ ఇదే సందేశం వస్తోందా, లేక ఒక్కోదానిలో ఒక్కోటి వస్తోందా? సుడో ఇచ్చే ప్రతి సందేశం వెనుక వేరే కారణం ఉంటుంది కాబట్టి, సందేశం చూడకుండా మందు చెప్పడం కుదరదు.

ల్యాబ్_మాస్టారు
ఐడీ ఇస్తే ల్యాబ్, సీడీరామ్, ఆడియో, వీడియో, ప్లగ్‌డెవ్ వంటి పేర్లు వచ్చాయి, సుడో అన్న పేరు మాత్రం వాటిలో లేదు. దాదాపు అన్ని యంత్రాల్లోనూ నేను మొదట చెప్పిన సందేశమే వస్తోంది. మీరు అడిగిన తరువాత మిగిలినవి కూడా చూశాను. ఒక యంత్రంలో సుడో అనే కమాండే లేదంటోంది. కిటికీ పక్కనున్న యంత్రంలో, సుడో ఫైలుకు యజమాని యూఐడీ 0 అయి ఉండాలని, దానికి సెట్‌యూఐడీ బిట్ ఉండాలని వస్తోంది. చివరి వరుసలోని ఒక యంత్రంలో, రిజిస్టరులో ఉన్న రూట్ పాస్‌వర్డుతో నేరుగా లాగిన్ కావాలని చూసినా తప్పు అంటోంది.

గోదారి_గట్టు
మీ మొదటి సమస్యకు మూలం డెబియన్ ఇన్‌స్టాలర్ అడిగే ఒక ప్రశ్నలో ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డు పెట్టమని అడుగుతుంది. అక్కడ ఖాళీగా వదిలితే రూట్ ఖాతాకు తాళం వేసి, మొదట సృష్టించిన యూజర్‌ను సుడో గ్రూపులో చేర్చుతుంది. అక్కడ పాస్‌వర్డు పెడితే, ఇక అడ్మిన్ పనులన్నీ రూట్ చూసుకుంటాడని భావించి ఆ యూజర్‌ను సుడో గ్రూపులో చేర్చదు, డెస్క్‌టాప్ లేకుండా కనీస స్థాయిలో ఇన్‌స్టాల్ చేస్తే సుడో ప్యాకేజీని కూడా తీసుకురాదు. మీ రిజిస్టరులో రూట్ పాస్‌వర్డు ఉందంటే మీ ముందువారు రెండో దారిలో వెళ్లారన్నమాట. కాబట్టి ఏదీ చెడిపోలేదు, వ్యవస్థ ఎలా అమర్చారో అలాగే నడుస్తోంది. సుడో కమాండే లేని యంత్రం సంగతీ బహుశా ఇదే.

ఇంకొక తికమకను కూడా తీర్చుకుందాం. సుడో అడిగేది కమాండు ఇస్తున్న యూజర్ సొంత పాస్‌వర్డు. రూట్‌గా మారడానికి వాడే ఎస్‌యూ కమాండు అడిగేది రూట్ పాస్‌వర్డు. మీరు సుడో అడిగిన చోట రూట్ పాస్‌వర్డు ఇచ్చారు, అందుకే అది తప్పు అన్నది. ఉబుంటులో రూట్ ఖాతా మొదటి నుంచీ తాళం వేసే ఉంటుంది, మొదటి యూజర్ దానంతట అదే సుడో గ్రూపులో ఉంటాడు. ఉబుంటు అలవాటున్నవారు డెబియన్‌కు రాగానే తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఓరుగల్లు_ఓపెన్
అయితే దారి చిన్నదే. ఎస్‌యూ ఇచ్చి రూట్‌గా మారండి. నానోతో ఈటీసీ డైరెక్టరీలోని సుడోయర్స్ ఫైలు తెరిచి, రూట్ పేరున్న వరుస కింద అదే నమూనాలో ల్యాబ్ పేరుతో ఇంకొక వరుస చేర్చి భద్రపరచండి. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

పెంగ్విన్_పల్లె
@ఓరుగల్లు_ఓపెన్ గారు, ఈ సలహాతో నేను ఏకీభవించను. సుడోయర్స్ ఫైలును మామూలు ఎడిటర్‌తో తెరవకూడదు, విసుడో అనే కమాండుతోనే తెరవాలి. విసుడో ఫైలును భద్రపరచే ముందు వ్యాకరణం సరిచూస్తుంది, ఒకే సమయంలో ఇద్దరు దిద్దకుండా ఆపుతుంది. పాత సుడోలో ఆ ఫైలులో ఒక్క అక్షరం తప్పు పడినా ఆ యంత్రంలో ఎవరికీ సుడో పనిచేసేది కాదు. 1.9.3 వెర్షన్ నుంచి తప్పున్న వరుసను వదిలేసి మిగిలినవి చదువుతోంది కానీ, వదిలేసిన వరుస మీదే అయితే ఫలితం మళ్లీ అదే. విసుడో అంటే వీఐ ఎడిటర్ వస్తుందేమోనని చాలామంది వెనకాడతారు. డెబియన్‌లో సాధారణంగా నానోయే తెరుచుకుంటుంది.

అసలు ఇక్కడ ఆ ఫైలును ముట్టుకోవలసిన పనే లేదు. సుడో గ్రూపులోని సభ్యులందరికీ పూర్తి అధికారం ఇచ్చే వరుస డెబియన్‌లో ముందే ఉంది. ల్యాబ్ యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చితే చాలు.

ఓరుగల్లు_ఓపెన్
విసుడో సంగతి ఒప్పుకుంటున్నాను. వరుస రాసినా, గ్రూపులో చేర్చినా చివరికి దక్కే అధికారం ఒకటే కదా అన్నది మాత్రం నా అభిప్రాయం.

పెంగ్విన్_పల్లె
అధికారం ఒకటే, నిర్వహణ ఒకటి కాదు. రేపు మాస్టారి స్థానంలో ఇంకొకరు వచ్చినప్పుడు ఎవరెవరికి అధికారం ఉందో గ్రూపును చూస్తే ఒక్క చోట తెలుస్తుంది. పేర్లతో రాసిన వరుసలు ఫైలులో ఎక్కడెక్కడో మిగిలిపోతాయి. పైగా డెస్క్‌టాప్‌లో కిటికీ తెరుచుకుని పాస్‌వర్డు అడిగే పనులను చూసేది పోల్‌కిట్, సుడో కాదు. డెబియన్‌లో పోల్‌కిట్ సుడో గ్రూపు సభ్యులనే అడ్మిన్లుగా గుర్తిస్తుంది, సుడోయర్స్ ఫైలులో మీరు రాసిన వరుసను అది చూడదు.

ల్యాబ్_మాస్టారు
ఎస్‌యూ ఇచ్చి రూట్ పాస్‌వర్డు ఇస్తే ఒప్పుకుంది, ప్రాంప్టులో డాలరు గుర్తు పోయి హ్యాష్ గుర్తు వచ్చింది. తీరా యూజర్‌మాడ్ కమాండు ఇస్తే అలాంటి కమాండు దొరకలేదంటోంది. రూట్‌గా ఉన్నా కమాండు దొరకకపోవడం నాకు అర్థం కాలేదు.

గోదారి_గట్టు
ఎస్‌యూ తరువాత ఒక ఖాళీ వదిలి అడ్డగీత పెట్టండి. అడ్డగీత లేకుండా ఇస్తే మీరు రూట్ అవుతారు కానీ, కమాండ్లు వెతికే దారులు పాత యూజర్‌వే మిగులుతాయి. యూజర్‌మాడ్ ఉండేది ఎస్‌బిన్ డైరెక్టరీలో, మామూలు యూజర్ దారుల్లో అది ఉండదు. అడ్డగీతతో ఇస్తే రూట్ స్వయంగా లాగిన్ అయినట్టుగా వాతావరణమంతా కొత్తగా ఏర్పడుతుంది. 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి ఈ మార్పు ఉంది. అంతకుముందు అడ్డగీత లేకపోయినా పని జరిగేది కనుక పాత పుస్తకాలు, పాత వ్యాసాలు చూసి చేసేవారు ఇక్కడ ఆగిపోతున్నారు.

నెల్లూరు_నెట్‌వర్క్
ఆ కమాండు ఇచ్చే ముందు ఒక్క మాట వినండి. కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నా, టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. యూజర్‌మాడ్‌కు మాత్రం అడ్డగీత తరువాత చిన్న 'ఏ', పెద్ద 'జీ' రెండూ కలిపి ఇవ్వాలి, ఆ తరువాత గ్రూపు పేరు, చివర యూజర్ పేరు. ఆ చిన్న 'ఏ' మరిచిపోయి పెద్ద 'జీ' ఒక్కటే ఇస్తే, ఉన్న గ్రూపులకు కొత్తది చేరదు. ఉన్న అదనపు గ్రూపులన్నీ పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది.

మా ఆఫీసులో ఒకరు ఉబుంటు ల్యాప్‌టాప్‌లో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపేది) గ్రూపులో చేరడానికి ఆ 'ఏ' లేకుండా కమాండు ఇచ్చారు. ఆ క్షణానికి తేడా ఏమీ కనిపించలేదు. మరునాడు లాగిన్ అయ్యాక చూస్తే సుడో గ్రూపులోంచి బయటికి వచ్చేశారు. ఆ యంత్రంలో వేరే అడ్మిన్ లేరు, ఉబుంటు కనుక రూట్‌కు పాస్‌వర్డు లేదు, పోల్‌కిట్ కూడా ఆ గ్రూపునే చూస్తుంది కనుక ఆ దారీ మూసుకుపోయింది. చివరికి యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో రికవరీ మోడ్‌కు వెళ్లి సరిచేయవలసి వచ్చింది. డెబియన్, ఉబుంటుల్లో యాడ్‌యూజర్ కమాండుకు యూజర్ పేరు, గ్రూపు పేరు వరుసగా ఇచ్చినా గ్రూపులో చేరుతుంది, అందులో ఈ ప్రమాదం లేదు. కొత్తవారికి నేను అదే చెబుతాను.

డల్లాస్_డీమన్
వేరే వ్యవస్థలు వాడేవారు కూడా ఇది చదువుతారు కనుక ఒక మాట చేరుస్తున్నాను. ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆ గ్రూపు పేరు సుడో కాదు, వీల్. ఆర్చ్‌లో వీల్ గ్రూపుకు అధికారమిచ్చే వరుస సుడోయర్స్ ఫైలులో ఉంటుంది కానీ ముందు హ్యాష్ గుర్తు పెట్టి నిలిపివేసి ఉంటుంది, విసుడోతో ఆ గుర్తు తీసేయాలి. నేను వాడే ఫ్రీబీఎస్‌డీలో సుడో మూల వ్యవస్థలో భాగం కాదు, ప్యాకేజీగా ఎక్కించుకోవాలి. దాని సుడోయర్స్ ఫైలు ఉండేది యూఎస్ఆర్ కింద లోకల్ కింద ఉన్న ఈటీసీలో. అక్కడ వీల్ గ్రూపులో లేనివారికి రూట్ పాస్‌వర్డు తెలిసినా ఎస్‌యూ ఒప్పుకోదు. ఓపెన్‌బీఎస్‌డీవారు 2015లో 5.8 విడుదలతో సుడోను మూల వ్యవస్థలోంచి తీసేసి డూయాస్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టుకున్నారు. ఉబుంటు 25.10 నుంచి అక్కడ సుడో అని పిలిస్తే పలికేది రస్ట్ భాషలో కొత్తగా రాసిన సుడో-ఆర్ఎస్. పేరు ఒకటే అయినా సందేశాల మాటల్లో చిన్న తేడాలు కనిపించవచ్చు.

ల్యాబ్_మాస్టారు
ఎస్‌యూ అడ్డగీతతో వెళ్లి, యాడ్‌యూజర్‌తో ల్యాబ్ యూజర్‌ను సుడో గ్రూపులో చేర్చాను, చేరినట్టు సందేశం కూడా వచ్చింది. రూట్ నుంచి బయటికి వచ్చి సుడో ఇస్తే మళ్లీ పాత పాటే పాడుతోంది.

చందానగర్_షెల్
లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి. గ్రూపుల జాబితాను లాగిన్ సమయంలో ఒక్కసారే తీసుకుంటారు. ఆ తరువాత జరిగిన మార్పు అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌కు తెలియదు.

గోదారి_గట్టు
చందానగర్ గారు చెప్పినదాన్ని కళ్లారా చూడవచ్చు. ఐడీ అని ఒక్క మాట ఇస్తే ప్రస్తుత సెషన్‌కు ఉన్న గ్రూపులు వస్తాయి. ఐడీ తరువాత ల్యాబ్ అని యూజర్ పేరు కూడా ఇస్తే గ్రూపుల ఫైలులో ఇప్పుడు ఏం రాసి ఉందో అది వస్తుంది. మొదటి దానిలో సుడో లేకుండా రెండో దానిలో ఉంటే, చేర్చడం సరిగ్గానే జరిగిందని, కొత్త లాగిన్ మాత్రమే కావాలని అర్థం. టెర్మినల్ కిటికీ మూసి తెరిస్తే చాలదు, డెస్క్‌టాప్ నుంచే బయటికి రావాలి. టీమక్స్, స్క్రీన్ వంటివి వాడేవారి విషయంలో లాగౌట్ అయినా పాత సెషన్ వెనుక బతికే ఉంటుంది, తిరిగి దానికే తగులుకుంటే పాత గ్రూపులే కనిపిస్తాయి. దేనితోనూ తేలకపోతే యంత్రాన్ని రీబూట్ చేయండి.

ల్యాబ్_మాస్టారు
లాగౌట్ అయి వచ్చాక సుడో పనిచేసింది. సుడోకు చిన్న 'ఎల్' ఇచ్చి చూస్తే ల్యాబ్ యూజర్‌కు అన్ని అధికారాలూ ఉన్నట్టు చూపిస్తోంది. మిగిలిన యంత్రాల్లోనూ ఇదే చేశాను. సుడో లేని యంత్రంలో రూట్‌గా ఆప్ట్‌తో ఆ ప్యాకేజీ ఎక్కించి, ఆ తరువాత గ్రూపులో చేర్చాను. అందరికీ ధన్యవాదాలు. ఇక మిగిలినవి సెట్‌యూఐడీ అంటున్న యంత్రం, రూట్ పాస్‌వర్డు ఒప్పుకోని యంత్రం. మొదటి దానిలో అడ్డగీతతో ఎస్‌యూ ఇచ్చినా సరైన పాస్‌వర్డుకు కూడా తిరస్కరిస్తోంది.

సీమ_సర్వర్
ఎస్‌యూ కూడా తిరస్కరిస్తోందంటే నాకు ఒక అనుమానం బలపడుతోంది. ఆ యంత్రంలో ఎవరో ఏదో ఫైలు తెరుచుకోలేదని యూఎస్ఆర్ డైరెక్టరీ మొత్తానికి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే ఛ్‌మోడ్ 777ను లోపలి ఫైళ్లన్నింటికీ వర్తించేలా ఇచ్చి ఉంటారు, లేదా ఛౌన్‌తో యజమానిని మార్చి ఉంటారు. సుడో, ఎస్‌యూ, పాస్‌వర్డు మార్చే పాస్‌వడ్, మౌంట్ వంటి ప్రోగ్రాములన్నీ మామూలు యూజర్ పిలిచినా రూట్ హోదాతో నడవాలి. ఆ హోదా వాటికి దక్కేది ఫైలు యజమాని రూట్ కావడం వల్ల, అనుమతుల్లో సెట్‌యూఐడీ బిట్ ఉండడం వల్ల. 777 ఇచ్చినప్పుడు ఆ బిట్ ఎగిరిపోతుంది. ఇక సుడో ఒక మామూలు ప్రోగ్రామే.

బయటపడే దారి ఇది. డెస్క్‌టాప్‌లోంచి ప్రయత్నించకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కు వెళ్లి, యూజర్ పేరు అడిగిన చోట రూట్ అని ఇచ్చి నేరుగా లాగిన్ కండి. అక్కడ లాగిన్ ప్రోగ్రాంను నడిపేది వ్యవస్థే కనుక దానికి ముందే రూట్ హోదా ఉంటుంది, సెట్‌యూఐడీ అవసరం పడదు. లోపలికి వెళ్లాక ముందు ఛౌన్‌తో సుడో ఫైలుకు యజమానిగా, గ్రూపుగా రూట్‌ను పెట్టండి. ఆ తరువాతే ఛ్‌మోడ్ 4755 ఇవ్వండి. వరుస తప్పితే పని జరగదు, ఎందుకంటే యజమానిని మార్చినప్పుడు కెర్నల్ భద్రత కోసం సెట్‌యూఐడీ బిట్‌ను తీసేస్తుంది.

పెంగ్విన్_పల్లె
సీమ_సర్వర్ గారి మాటకు కొనసాగింపు. సుడో ఒక్కదాన్నే సరిచేసి వదిలేయకండి. సుడో, పాస్‌వడ్, మౌంట్, యుటిల్-లైనక్స్ ప్యాకేజీలను ఆప్ట్‌లోని రీఇన్‌స్టాల్ సదుపాయంతో మళ్లీ ఎక్కించండి, ఆ ఫైళ్ల యజమాని, అనుమతులు ప్యాకేజీలో ఉన్నట్టుగా తిరిగి వస్తాయి. ఈటీసీ డైరెక్టరీని కూడా చూడండి. సుడోయర్స్ ఫైలు అనుమతి 0440 ఉండాలి. అందరికీ రాసే అనుమతి ఉంటే సుడో ఆ ఫైలును చదవడానికే ఒప్పుకోదు.

సీమ_సర్వర్
ఒప్పుకుంటున్నాను. ఎవరైనా ఆ కమాండును యూఎస్ఆర్‌కు కాకుండా మొత్తం డిస్కుకే ఇచ్చి ఉంటే మాత్రం, ఒక్కో ఫైలూ వెతికి సరిచేయడం వృథా శ్రమ. విద్యార్థుల ఫైళ్లు వేరే డిస్కుకు ఎక్కించి, ఆ ఒక్క యంత్రాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నమ్మదగిన పని. ఏ ఫైలుకు ఏ అనుమతి ఉండాలో తెలియని వ్యవస్థను ల్యాబ్‌లో విద్యార్థుల చేతికి ఇవ్వకూడదు.

ఓరుగల్లు_ఓపెన్
రూట్ పాస్‌వర్డు ఒప్పుకోని యంత్రానికి దారి గ్రబ్‌లో ఉంది. యంత్రం మొదలయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో డెబియన్ వరుస మీద ఉండి 'ఈ' నొక్కండి. లైనక్స్ అని మొదలయ్యే వరుసలో ఆర్ఓ అన్నచోట ఆర్‌డబ్ల్యూ అని మార్చి, వరుస చివర ఇనిట్ ఈక్వల్ టు బిన్ బాష్ దారిని చేర్చండి. కంట్రోల్ ఎక్స్ నొక్కితే పాస్‌వర్డు అడగకుండానే రూట్ షెల్ వస్తుంది. పాస్‌వడ్ కమాండుతో కొత్త రూట్ పాస్‌వర్డు పెట్టి, సింక్ ఇచ్చి, ఆ తరువాత రీబూట్ కమాండుకు చిన్న 'ఎఫ్' జోడించి ఇవ్వండి. అక్కడ వ్యవస్థ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ నడవదు కనుక మామూలు రీబూట్ పనిచేయదు. గ్రబ్‌లోని రికవరీ మోడ్ మీకు అక్కరకు రాదు, డెబియన్‌లో అది రూట్ పాస్‌వర్డే అడుగుతుంది. రూట్‌కు తాళం వేసిన యంత్రమైతే, ఖాతాకు తాళం ఉంది కనుక కన్సోల్ ఇవ్వలేనని చెప్పి ఊరుకుంటుంది.

నల్లగొండ_ఫెడోరా
ఫెడోరా, రెడ్‌హ్యాట్ వారు ఇదే పని ఆర్‌డీ చుక్క బ్రేక్ అనే మాటతో చేస్తారు. సిస్‌రూట్‌ను రాయగలిగేలా మళ్లీ మౌంట్ చేసి, ఛ్‌రూట్‌తో అందులోకి వెళ్లి పాస్‌వర్డు మార్చాలి. వెళ్లే ముందు మూల డైరెక్టరీలో ఆటోరీలేబుల్ అనే చుక్క ఫైలు సృష్టించడం మరవకూడదు. లేకపోతే పాస్‌వర్డులుండే షాడో ఫైలుకు ఎస్ఈలైనక్స్ (భద్రతా వ్యవస్థ) గుర్తు తప్పిపోయి కొత్త పాస్‌వర్డుతోనూ లాగిన్ కాలేకపోవచ్చు.

చందానగర్_షెల్
ఇంత సులువైతే నా ప్రశ్న వేరు. మాస్టారికి తెరుచుకునే ఈ దారి రేపు ఏ విద్యార్థికైనా తెరుచుకుంటుంది కదా?

గోదారి_గట్టు
తెరుచుకుంటుంది. యంత్రం ముందు కూర్చున్నవాడికి చివరికి అన్నీ లొంగుతాయి. గ్రబ్‌కు పాస్‌వర్డు పెట్టవచ్చు, యూఎస్‌బీ నుంచి బూట్ కాకుండా బయాస్‌లో ఆపి దానికీ పాస్‌వర్డు పెట్టవచ్చు. డిస్కును లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ తాళపు మాట లేకుండా ఎవరూ లోపలికి రాలేరు. ల్యాబ్‌లో ప్రతి ఉదయం ప్రతి యంత్రానికీ ఆ మాట టైపు చేయడం ఆచరణలో కష్టం కనుక గ్రబ్, బయాస్ పాస్‌వర్డులు చాలు. గ్రబ్‌కు పాస్‌వర్డు పెడితే మామూలుగా బూట్ కావడానికి కూడా అదే అడగడం మొదలుపెడుతుంది. మెనూ వరుసలకు అన్‌రిస్ట్రిక్టెడ్ అన్న గుర్తు చేర్చితే, బూట్ కావడానికి అడగదు, వరుసను మార్చబోతేనే అడుగుతుంది.

కాకినాడ_కీబోర్డు
గ్రబ్ దాకా వెళ్లే ముందు కీబోర్డు లేఅవుట్ చూడండి. పాస్‌వర్డు టైపు చేసేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు కనుక, వేళ్లు కొట్టేది ఒకటి, యంత్రానికి చేరేది ఇంకొకటి అయినా మనకు తెలియదు. తెలుగు టైపు చేసేవారిలో నేను తరచుగా చూసే సంగతి ఇది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఆన్‌లో ఉండగానే టెర్మినల్‌లో సుడో ఇచ్చి, పాస్‌వర్డు సరిగ్గానే కొట్టామని వాదిస్తారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎంచుకున్న లేఅవుట్ కూడా ముఖ్యమే. మన దగ్గర అమ్మే కీబోర్డుల మీద అమెరికన్ లేఅవుట్ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసినవారు బ్రిటిష్ లేఅవుట్ ఎంచుకుని ఉంటే ఎట్ గుర్తు, డబుల్ కోట్ గుర్తు ఒకదాని స్థానంలో ఒకటి వస్తాయి. మీ పాస్‌వర్డులో అలాంటి గుర్తులేమైనా ఉన్నాయా? సరిచూడటానికి మొత్తం పాస్‌వర్డును యూజర్ పేరు గడిలో కొట్టకండి, అనుమానమున్న గుర్తును మాత్రం ఏదైనా ఎడిటర్‌లో కొట్టి చూడండి.

నల్లగొండ_ఫెడోరా
ఆర్చ్ వాడేవారికి ఇంకొకటి ఉంది. వరుసగా మూడుసార్లు తప్పు పాస్‌వర్డు ఇస్తే ఫెయిల్‌లాక్ ఆ ఖాతాను 10 నిమిషాలు ఆపేస్తుంది. ఆ 10 నిమిషాల్లో సరైన పాస్‌వర్డు ఇచ్చినా తప్పనే అంటుంది. రూట్‌గా ఫెయిల్‌లాక్ కమాండుతో ఆ యూజర్ లెక్కను రీసెట్ చేయవచ్చు, లేదా ఓపిక పట్టాలి.

ల్యాబ్_మాస్టారు
కాకినాడ_కీబోర్డు గారు చెప్పింది అక్షరాలా నిజమైంది. పాస్‌వర్డులో ఎట్ గుర్తు ఉంది. ఆ యంత్రంలో ఎడిటర్ తెరిచి ఎట్ కొడితే డబుల్ కోట్ వచ్చింది. డబుల్ కోట్ కీ నొక్కుతూ పాస్‌వర్డు ఇస్తే రూట్ లాగిన్ అయింది. గ్రబ్‌తో పని పడలేదు. లోపలికి వెళ్లాక కీబోర్డు కాన్ఫిగరేషన్ ప్యాకేజీని డీపీకేజీ-రీకాన్ఫిగర్‌తో తిరిగి అమర్చి అమెరికన్ లేఅవుట్ పెట్టాను.

కిటికీ పక్కనున్న యంత్రంలో యూఎస్ఆర్ వరకే చెడింది. టెక్స్ట్ కన్సోల్‌లో రూట్‌గా వెళ్లి, ముందు ఛౌన్, తరువాత ఛ్‌మోడ్ ఇచ్చి, పెంగ్విన్_పల్లె గారు చెప్పిన ప్యాకేజీలన్నీ రీఇన్‌స్టాల్ చేశాను. సుడో, ఎస్‌యూ రెండూ పనిచేస్తున్నాయి.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. ల్యాబ్ యూజర్ పాస్‌వర్డు మా విభాగంలో నలుగురు అధ్యాపకులకు తెలుసు, ఇద్దరు సీనియర్ విద్యార్థులకు కూడా తెలుసు. ప్రింటరు ఆగిపోయినప్పుడల్లా దాని సర్వీసును వారే మళ్లీ నడుపుతామని అడుగుతున్నారు. అధికారం ఎలా పంచితే మంచిది?

నెల్లూరు_నెట్‌వర్క్
ల్యాబ్ యూజర్‌ను ఇప్పుడే సుడో గ్రూపులోంచి తీసేయండి. అధ్యాపకులకు ఎవరి పేరున వారికి ఖాతా తెరిచి, వారిలో బాధ్యత తీసుకునేవారిని మాత్రం గ్రూపులో చేర్చండి. ప్రతి సుడో కమాండునూ ఎవరు ఇచ్చారో వ్యవస్థ నమోదు చేస్తుంది. డెబియన్ 12లో ఆ నమోదును ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్ ముందుగా రాదు కనుక జర్నల్‌సీటీఎల్‌తో చూడాలి. ఆరుగురు ఒకే పేరుతో లాగిన్ అయితే ఆ నమోదుకు విలువ లేదు.

ఓరుగల్లు_ఓపెన్
విద్యార్థులకు ఆప్ట్ ఒక్కదాన్ని పాస్‌వర్డు అడగకుండా నడిపే వీలు ఇవ్వండి. కావలసిన ప్యాకేజీలు వారే ఎక్కించుకుంటారు, మాస్టారికి శ్రమ తగ్గుతుంది.

సీమ_సర్వర్
దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఆప్ట్ ఇచ్చారంటే రూట్ ఇచ్చినట్టే. ప్యాకేజీ ఎక్కేటప్పుడు దానిలోని స్క్రిప్టులు రూట్ హోదాతో నడుస్తాయి, ఎవరైనా సొంతంగా ఒక ప్యాకేజీ తయారుచేసి ఎక్కిస్తే అందులో ఏం రాసుకుంటే అది జరుగుతుంది. వీఐ, లెస్, ఫైండ్ వంటివి సుడోతో ఇచ్చినా అంతే, వాటి లోపలి నుంచి షెల్ తెరవవచ్చు. డాకర్ గ్రూపులో సభ్యత్వం కూడా రూట్‌తో సమానమే. ఒక కమాండుకు అధికారం ఇచ్చే ముందు, ఆ కమాండు ఇంకే కమాండునైనా నడపగలదా అని తప్పక అడగాలి. ప్రింటరు కోసం సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కప్స్ అన్న మొత్తం వాక్యాన్ని, ప్రోగ్రాం పూర్తి దారితో సహా, యథాతథంగా రాసి ఇవ్వండి. సిస్టమ్‌సీటీఎల్ అని మాత్రం రాసి వదిలేస్తే అన్ని సర్వీసులూ వారి చేతికి వెళ్తాయి.

ఓరుగల్లు_ఓపెన్
ప్యాకేజీ స్క్రిప్టుల కోణం నేను ఆలోచించలేదు, నా సూచనను వెనక్కి తీసుకుంటున్నాను. అధ్యాపకుల ఖాతాలు సిద్ధమయ్యాక రూట్ పాస్‌వర్డు మాత్రం ఎందుకు? పాస్‌వడ్ కమాండుకు చిన్న 'ఎల్' ఇచ్చి రూట్‌కు తాళం వేస్తే సరిపోతుంది కదా?

గోదారి_గట్టు
సొంత ల్యాప్‌టాప్‌కైతే నేనూ తాళమే వేస్తాను. ఈ ల్యాబ్‌లో మాత్రం వద్దంటాను. ఈ చర్చలోనే చూడండి, సెట్‌యూఐడీ పోయిన యంత్రాన్ని బతికించింది నేరుగా రూట్‌గా లాగిన్ కాగలగడమే. పాస్‌వర్డును కొత్తగా, పొడవుగా, ఏ లేఅవుట్‌లోనైనా ఒకేలా వచ్చే అక్షరాలు, అంకెలతో పెట్టి, కవరులో పెట్టి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంచండి. రిజిస్టరులో రాసి బల్ల మీద పెట్టకండి.

చందానగర్_షెల్
నేను తాళం వేయాలన్న పక్షమే. విసుడో మాత్రమే వాడే క్రమశిక్షణ ఉంటే, గ్రబ్ పాస్‌వర్డు మాస్టారి చేతిలో ఉంటే, రూట్ లాగిన్‌తో వచ్చే లాభం తక్కువ. ఎవరో ఒకరికి తెలిసిన రూట్ పాస్‌వర్డు ఎప్పటికైనా పదిమందికి తెలుస్తుంది.

ల్యాబ్_మాస్టారు
ప్రస్తుతానికి గోదారి_గట్టు గారి పద్ధతే పాటిస్తాను, కవరు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. అధ్యాపకులకు విడివిడి ఖాతాలు తెరిచాను. ప్రింటరు అనుమతి కోసం సుడోయర్స్ చుక్క డీ డైరెక్టరీలో ప్రింటర్ చుక్క కాన్ఫ్ అనే పేరుతో ఫైలు పెట్టి, అందులో విద్యార్థుల గ్రూపు పేరుతో వరుస రాశాను. విసుడోకు చిన్న 'సీ' ఇచ్చి పరీక్షిస్తే తప్పేమీ చూపించడం లేదు, అయినా విద్యార్థి ఖాతాలో ఆ అనుమతి కనిపించడం లేదు.

పెంగ్విన్_పల్లె
ఫైలు పేరులో చుక్క ఉంది. ఆ డైరెక్టరీలో పేరులో చుక్క ఉన్న ఫైళ్లను, చివర టిల్డ గుర్తు ఉన్నవాటిని సుడో చదవదు. ఎడిటర్లు, ప్యాకేజీలు మిగిల్చే నకళ్లు పొరపాటున అమలు కాకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. పేరును ప్రింటర్ అని మార్చి, అనుమతి 0440 చేయండి. గ్రూపు పేరు ముందు శాతం గుర్తు ఉందో లేదో కూడా చూడండి, అది లేకపోతే సుడో దాన్ని యూజర్ పేరుగా తీసుకుంటుంది.

ల్యాబ్_మాస్టారు
శాతం గుర్తు ముందే ఉంది. చుక్క తీసేసి అనుమతి మార్చగానే విద్యార్థి ఖాతాలో సుడో చిన్న 'ఎల్' ఆ ఒక్క కమాండునే చూపించింది. ప్రింటరు సర్వీసు మళ్లీ నడిచింది, ఆప్ట్ ఇవ్వబోతే తిరస్కరించింది. మిగిలిన యంత్రాల్లోకి ఇదే ఫైలును రేపు ఎక్కిస్తాను.